రాత్రిళ్లు దగ్గుతున్న కుక్క: గొంతులో ఏదైనా ఇరుక్కుందా?

కిటికీపక్కసీటు | సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇంతకాలం చదవడమే తప్ప రాసింది లేదు. ఈరోజు రాయక తప్పడం లేదు.

మా చిట్టి పొమేరియన్. ఆడది, తొమ్మిదేళ్లు నిండాయి. పది రోజులుగా దగ్గుతోంది. పొడి దగ్గు. నాలుగైదు సార్లు వరుసగా దగ్గి, మెడ ముందుకు చాచి, డోకు వచ్చినట్టు ‘ఖాక్’ మని, కాస్త తెల్లటి నురగ కక్కుతుంది. తర్వాత ఏమీ జరగనట్టు తోక ఊపుకుంటూ వెళ్లిపోతుంది. గొంతులో ఎముక ముక్క ఇరుక్కుందని ఇంట్లో అందరి అనుమానం. నిన్న నోరు తెరిపించి టార్చి వేసి చూశాము. ఏమీ కనబడలేదు. నా వేలికి మాత్రం రెండు గాట్లు పడ్డాయి.

తిండి మామూలుగానే తింటోంది. జ్వరం ఉన్నట్టు లేదు. దగ్గు ఎక్కువగా రాత్రిళ్లే. డాక్టరు దగ్గరికి శనివారం వెళ్లాలనుకుంటున్నాము. ఈలోగా ఏం చేయవచ్చు?

---

పాతరేడియో | సోమవారం, రాత్రి 11:59

కంగారు పడకండి. మనుషులకు వాడే దగ్గు సిరప్ అర చెంచా పట్టండి. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా కుక్కలున్నాయి, ఎప్పుడూ ఏమీ కాలేదు.

---

ఉడతాభక్తి | మంగళవారం, అర్ధరాత్రి 12:07

పాతరేడియో గారూ, పెద్దవారు, ఏమీ అనుకోకండి. దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. దగ్గు సిరప్ అనేది ఒకే మందు కాదు. కొన్నింటిలో పారాసిటమాల్ కలిపి ఉంటుంది, అది కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొన్నింటిలో ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, దానితో చిన్న కుక్క గుండె పరుగు పెడుతుంది. చక్కెర లేనివని అమ్మే వాటిలో జైలిటాల్ అనే తీపి ఉండవచ్చు. మనకు అది ఏమీ చేయదు. కుక్కకు మాత్రం నిమిషాల్లోనే రక్తంలో చక్కెర పడిపోతుంది. చిన్న ప్రాణి అది. మన అర చెంచా దానికి అర చెంచా కాదు.

కిటికీపక్కసీటు గారూ, శనివారం దాకా ఆగవద్దని నా మాట. తొమ్మిదేళ్ల చిన్న జాతి కుక్క రాత్రిపూట దగ్గుతోందంటే ముందుగా అనుమానించాల్సింది గొంతును కాదు, గుండెను. మా టామీకీ ఇలాగే మొదలైంది. గొంతు గరగర అని మూడు నెలలు తోసిపుచ్చాను. ఒక రాత్రి పడుకోలేక, ముందు కాళ్లు వెడల్పుగా పెట్టి కూర్చుని ఆయాసపడుతుంటే తీసుకెళ్లాము. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఆపే కవాటం లీకవుతోందని అప్పుడు తెలిసింది.

---

మూడుకుక్కలిల్లు | మంగళవారం, ఉదయం 6:20

అంతలోనే గుండె దాకా ఎందుకండీ? కిటికీపక్కసీటు గారూ, చిట్టి ఈమధ్య వేరే కుక్కలతో కలిసిందా? హాస్టల్, స్నానం చేయించే చోటు, పార్కు? మీరు చెప్పిన దగ్గు అచ్చంగా కుక్క నుంచి కుక్కకు అంటుకునే కెన్నెల్ కాఫ్‌లా ఉంది. బాతు అరిచినట్టు మోగే దగ్గు, చివర డోకు, నురగ, మిగతా అంతా మామూలే. మా ఇంట్లో ఒకదానికి వస్తే వారంలో మూడింటికీ అంటుకుంది. ఒకటి మొదలుపెడితే మిగతా రెండూ అందుకునేవి.

పేరు ఒకటే గానీ దాని వెనక ఉండేది ఒక క్రిమి కాదు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, రెండో రకం అడెనోవైరస్, మైకోప్లాస్మా... వీటిలో ఒకటో, రెండు మూడు కలిసో వస్తాయి. అందుకే టీకా వేయించిన కుక్కకూ రావచ్చు, కాకపోతే తేలికగా పోతుంది. మాకు రెండు వారాల్లో దానంతట అదే తగ్గింది.

---

కిటికీపక్కసీటు | మంగళవారం, ఉదయం 7:45

మేము ఊరికి వెళ్లినప్పుడు మూడు రోజులు హాస్టల్‌లో ఉంచిన మాట నిజమే. కానీ అది ఐదు వారాల క్రితం. ఆ తర్వాత వేరే కుక్కల జోలికి పోలేదు. గుండె మాట చదివాక నిద్ర పట్టలేదు.

---

గోడమీదపిల్లి | మంగళవారం, ఉదయం 9:10

నేను పిల్లుల మనిషిని, పెద్దగా తెలియదు. కానీ మా చెల్లెలి పగ్ ఇలాగే చేస్తుంటే అందరం దగ్గు దగ్గు అని హడలిపోయాము. తీరా అది దగ్గే కాదు. రివర్స్ స్నీజింగ్ అట, అంటే లోపలికి తుమ్మడం. మెడ చాచి, మోచేతులు బయటికి తిప్పి, ముక్కుతో ‘గుర్ గుర్’ మని గాలిని లోపలికి లాగుతుంది. అర నిమిషంలో ఆగిపోతుంది. చూడటానికే భయం, చాలావరకు హాని ఉండదు. చిట్టిది గాలి బయటికి తోసే చప్పుడా, లోపలికి లాగే చప్పుడా? ఫోనులో వీడియో తీయండి. డాక్టరు ముందు మాత్రం ఏ జంతువూ చేసి చూపించదు. పిల్లులైతే ఇంకా మొండివి.

---

స్టెతస్కోపు | మంగళవారం, మధ్యాహ్నం 1:35

పశువైద్య వృత్తిలో ఉన్నాను. ఇక్కడ రాసేది చిట్టిని పరీక్షించిన డాక్టరు మాటకు బదులు కాదు, ఆ మాట మీకు బాగా అర్థం కావడానికి.

గోడమీదపిల్లి గారు చెప్పిన వీడియో అన్నిటికంటే ముందు. ‘దగ్గు’ అని మా దగ్గరికి వచ్చేవాటిలో దగ్గు కానివి చాలా ఉంటాయి. లోపలికి తుమ్మడం ఒకటి. డోకు ఇంకొకటి. పెద్ద జాతి కుక్క ఒకటి పదే పదే డోకుతూ ఏమీ కక్కలేక, పొట్ట డోలులా ఉబ్బుతుంటే అది గొంతు సమస్య కాదు, కడుపు మెలిపడటం కావచ్చు. అప్పుడు వీడియో తీస్తూ కూర్చోకూడదు. గంటలు కూడా ఆగకుండా ఆపరేషన్‌కు తీసుకెళ్లాలి.

ఇక ఆ నురగ సంగతి. దగ్గు చివర డోకు వచ్చి నురగ పడితే అందరికీ ఎముకే గుర్తొస్తుంది. నిజానికి గట్టిగా దగ్గిన ఏ కుక్కకైనా చివరికి డోకు వస్తుంది. గొంతులో నిజంగా ఏదైనా ఇరుక్కుంటే కథ వేరుగా ఉంటుంది: ఉన్నట్టుండి మొదలవుతుంది, చొల్లు కారుతుంది, మూతిని పంజాతో గీరుకుంటుంది, మింగలేకపోతుంది. పది రోజులు శుభ్రంగా తింటున్న కుక్కకు ఎముక అడ్డుపడటం అరుదు. మళ్లీ వేలు పెట్టి వెతకకండి. ఒకవేళ ఉన్నా లోపలికి నెట్టే ప్రమాదం ఉంది.

కెన్నెల్ కాఫ్ అయితే అంటుకున్న రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు దగ్గు మొదలవుతుంది. ఐదు వారాల క్రితం హాస్టల్‌కు, పది రోజుల క్రితం మొదలైన దగ్గుకు లెక్క కుదరదు.

ఉడతాభక్తి గారి భయం అర్థవంతమైనదే. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది, అది తీరిగ్గా రాస్తాను. ముందు నాలుగు ప్రశ్నలు. దగ్గు నిజంగా రాత్రిళ్లేనా, లేక మీరు రాత్రిళ్లు మాత్రమే వింటున్నారా? బెల్టు పట్టుకుని లాగినప్పుడు, ఎవరైనా వచ్చినప్పుడు, నీళ్లు తాగాక దగ్గుతుందా? చిట్టి బరువెంత? గాఢనిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది?

చివరి ప్రశ్నకు ఇలా లెక్కపెట్టండి. కదలకుండా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కలగంటూ కాళ్లు కొట్టుకుంటుంటే ఆ లెక్క పనికిరాదు, ఆగి మళ్లీ మొదలుపెట్టండి. నిద్రలో 30 లోపు ఉండాలి. రోజు రోజుకూ పెరుగుతూ 30 దాటుతుంటే శనివారం కాదు, అదే రోజు వెళ్లాలి. చిగుళ్లు నీలంగానో తెల్లగానో మారినా, స్పృహ తప్పినా, పడుకోలేక కూర్చునే ఊపిరి తీస్తున్నా అంతే.

---

తడిసినచెప్పు | మంగళవారం, మధ్యాహ్నం 3:02

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మాది మూడు నెలల కూన. వారం క్రితం తెచ్చుకున్నాము. మూడు రోజులుగా దగ్గు. ఇక్కడ ‘దానంతట అదే తగ్గుతుంది’ అని చదివి ధైర్యం వచ్చింది. కానీ నిన్నటి నుంచి ఆడటం లేదు, ముక్కు నుంచి పసుపుపచ్చగా కారుతోంది, తిండి ముట్టలేదు. ఇంకెన్ని రోజులు చూడవచ్చు?

---

స్టెతస్కోపు | మంగళవారం, మధ్యాహ్నం 3:06

ఒక్క రోజు కూడా కాదు. ఇప్పుడే తీసుకెళ్లండి. దానంతట అదే తగ్గుతుందన్నది చలాకీగా ఉండి, తింటున్న పెద్ద కుక్క సంగతి. కూన తిండి మానేసి, పసుపు చీమిడి కారుతుంటే న్యుమోనియా కావచ్చు. టీకాలు పూర్తి కాని కూనలో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కూడా చూడాలి. వెళ్లేముందు ఫోను చేసి ‘దగ్గుతున్న కూన’ అని చెప్పండి. మిగతా జంతువుల మధ్య కూర్చోబెట్టకుండా పక్క దారిన తీసుకుంటారు.

---

మూడుకుక్కలిల్లు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

అయ్యో, నా మాట చదివే అలా అనుకున్నారేమో. నేను రాసింది నాలుగేళ్ల కుక్కల గురించి. ఆ ముక్క మొదట్లోనే రాయాల్సింది.

---

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 5:00

కూన విషయం విడి చర్చగా మార్చాను. పాతరేడియో గారి సలహాను తొలగించలేదు, కింద ఉన్న జవాబు కూడా జనం చదవాలని. చర్చ కొనసాగించండి.

---

పాతరేడియో | మంగళవారం, సాయంత్రం 5:40

తొలగించినా బాధపడేవాడిని కాదు. జైలిటాల్ సంగతి నిజంగా తెలియదు. ఇంట్లో ఉన్న సీసా తెచ్చి అద్దాలు పెట్టుకుని చదివాను. సీసా మీద చక్కెర రహితం అని ఉంది. ముప్పై ఏళ్లు ఏమీ కాకపోవడం నా తెలివి కాదు, ఆ కుక్కల అదృష్టం.

---

దోమతెర | మంగళవారం, రాత్రి 8:15

గుండెపురుగు మాట ఎవరూ ఎత్తలేదే! దోమ కాటుతో వచ్చే పురుగు అది. దోమలున్న చోట దగ్గే కుక్కకు ఆ పరీక్ష చేయించకపోతే సగం పరీక్షే చేసినట్టు.

మా జూలీ ఆరేళ్లప్పుడు మెల్లగా దగ్గేది. నడకలో వెనకబడేది. వయసు మీద పడుతోందనుకున్నాము. రక్త పరీక్షలో గుండెపురుగు బయటపడింది. దోమ వదిలిన పిల్లపురుగు ఒంట్లో తిరిగి తిరిగి పెద్దదయ్యేసరికి ఆరు ఏడు నెలలు పడుతుందట. ఆడ పురుగు జానెడు కంటే పొడవు పెరిగి, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. అందుకే ఈరోజు దోమ కుడితే రేపు దగ్గు రాదు, రేపటి పరీక్షలోనూ కనబడదు.

వైద్యం కంటే ఆ విశ్రాంతి మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది. ముందు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, తర్వాత నడుము కండరంలోకి లోతుగా ఇంజెక్షన్లు. చచ్చిన పురుగుల ముక్కలు రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయి కాబట్టి నెలల తరబడి పరుగు లేదు, మెట్లు లేవు, ఆట లేదు. కుక్కకు చెప్పి చూడండి ఆ మాట! పదేళ్ల మా అబ్బాయి ఆ నెలలన్నీ ఇంట్లో పిల్లిలా నడిచాడు, వాడు పరుగెత్తితే అది లేచి వస్తుందని. నెలకో నివారణ మాత్ర వేసి ఉంటే ఇదంతా తప్పేది.

ఒక హెచ్చరిక. పరీక్ష చేయించకుండా ఆ నివారణ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి. రక్తంలో పిల్లపురుగులు ఎక్కువగా ఉన్న కుక్కకు అవి ఒక్కసారిగా చచ్చి ఒంట్లో తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు.

---

గోడమీదపిల్లి | మంగళవారం, రాత్రి 8:31

ఒక్క దగ్గు వెనక ఇంతమంది దాక్కున్నారా! ఈ చర్చ చదివాక నాకే గొంతులో గరగరగా ఉంది.

---

కిటికీపక్కసీటు | బుధవారం, ఉదయం 6:50

రాత్రి రెండున్నరకు టార్చికి గుడ్డ చుట్టి చిట్టి పక్కన నేల మీద బోర్లా పడుకుని లెక్కపెట్టాను. 22. మళ్లీ 24. మూడోసారి మొదలుపెడితే కళ్లు తెరిచి, ‘నీకేమైంది’ అన్నట్టు చూసింది.

ఇంకో సంగతి. నిన్న పగలంతా ఇంట్లోనే ఉండి, దగ్గిన ప్రతిసారీ కాగితం మీద గీత గీశాను. పగలు పదకొండు, రాత్రి నాలుగు! మేము పగలు ఇంట్లో ఉండము కాబట్టి రాత్రి దగ్గు అనుకున్నాము, అంతే. పదకొండులో ఆరుసార్లు కాలింగ్ బెల్ మోగినప్పుడు. రెండుసార్లు బెల్టు కట్టి బయటికి తీసుకెళ్తుంటే లాగినప్పుడు. పద్నాలుగు సెకన్ల వీడియో కూడా దొరికింది. బరువు ఆరు కిలోల నూరు గ్రాములు.

ఈరోజు సాయంత్రమే వెళ్తున్నాము.

---

స్టెతస్కోపు | బుధవారం, మధ్యాహ్నం 2:10

ఆ గీతల కాగితం డాక్టరుకు తప్పక చూపించండి. అందులో రోగ చరిత్ర సగం ఉంది.

నిన్న వాయిదా వేసిన అభ్యంతరం ఇప్పుడు రాస్తాను. పొమేరియన్, తొమ్మిదేళ్లు, కాస్త ఎక్కువ బరువు, ఉత్సాహం వచ్చినా మెడ మీద ఒత్తిడి పడినా దగ్గు, నిద్రలో ఊపిరి 24. నా అనుమానం గాలిగొట్టం మీద. ఈ గొట్టాన్ని తెరిచి ఉంచేది ఆంగ్ల అక్షరం ‘సీ’ ఆకారంలో ఉండే మృదులాస్థి కడ్డీలు. వాటి తెరిచిన వైపు ఒక పొర మూసి ఉంటుంది. పొమేరియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చువావా లాంటి చిన్న జాతుల్లో కొన్నింటికి ఆ కడ్డీలు మెత్తబడి, పొర కిందికి వాలి, గుండ్రంగా ఉండాల్సిన గొట్టం చదునవుతుంది. గట్టిగా ఊపిరి లాగినప్పుడల్లా పై పొర కింది గోడను తాకుతుంది, ఆ రాపిడికి దగ్గు వస్తుంది. ఆ దగ్గుకు రాపిడి ఇంకా పెరుగుతుంది.

ఈరోజు డాక్టరు స్టెతస్కోపు పెట్టగానే గుండెలో మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య వచ్చే అదనపు శబ్దం) వినబడే అవకాశం బాగానే ఉంది. ఈ వయసు చిన్న కుక్కల్లో అది మామూలు. వినబడగానే ‘అదిగో, గుండె దగ్గు’ అని తేల్చేయకండి. లీకయ్యే కవాటం ఉన్నంత మాత్రాన దగ్గు దానిదే కానక్కరలేదు. దగ్గును పుట్టించే నాడులు స్వరపేటికలో, గాలిగొట్టంలో, పెద్ద శ్వాసనాళాల్లో ఎక్కువ. ఊపిరితిత్తుల లోతుల్లో తక్కువ. అందుకే నీరు చేరుతున్న కుక్కలో దగ్గు కంటే ముందుగా పెరిగేది ఊపిరి వేగం. గుండెలోని ఎడమ పై గది (ఎడమ కర్ణిక) బాగా ఉబ్బి శ్వాసనాళం మీద ఒత్తితే దగ్గు వస్తుంది, ఆ మాట నిజం. అయితే ఉబ్బిందో లేదో చెవితో తేలదు, ఎక్స్-రేలోనో, ఎకో అనే గుండె స్కానింగులోనో చూడాలి.

---

ఉడతాభక్తి | బుధవారం, మధ్యాహ్నం 2:48

మీ మాట కాదనలేను. కానీ మూడు నెలలు తోసిపుచ్చిన దాన్ని నేను. మర్మర్ విని ‘చూద్దాంలే’ అంటే నా చేతులు వణుకుతాయి.

---

స్టెతస్కోపు | బుధవారం, మధ్యాహ్నం 2:55

తోసిపుచ్చమనడం లేదమ్మా, కొలవమంటున్నాను. టామీ విషయంలో ఊపిరి లెక్క ఎవరూ మీకు నేర్పలేదు. ఆ తప్పు మీది కాదు.

---

కిటికీపక్కసీటు | గురువారం, రాత్రి 9:30

నిన్న వెళ్లాము, ఈరోజు మళ్లీ ఎకోకి వెళ్లాము. పూసగుచ్చినట్టు రాస్తాను.

డాక్టరుగారు ముందు వీడియో చూశారు. తర్వాత చిట్టి మెడ కింద రెండు వేళ్లతో మెల్లగా నొక్కారు. వెంటనే అదే దగ్గు! పది రోజులుగా ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది ఆయన వేళ్ల కింద రెండు సెకన్లలో పుట్టింది. తర్వాత చాలాసేపు గుండె విన్నారు. మర్మర్ ఉంది, దాని స్థాయి ఆరులో మూడు అన్నారు. నా గుండె జారిపోయింది. కానీ ఆయన నవ్వి, ‘ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరుగుతోంది, వదిలినప్పుడు తగ్గుతోంది, విన్నారా?’ అని స్టెతస్కోపు నా చెవులకు పెట్టారు. టక్-టక్-టక్, ఆగి టక్, టక్, మళ్లీ టక్-టక్-టక్. ఈ ఎగుడుదిగుడు కుక్కల్లో మంచి గుర్తట. గుండె చేతులెత్తేసిన కుక్కలో సాధారణంగా ఇది పోయి, ఒకే వేగంతో పరుగు పెడుతుందట.

ఎక్స్-రేలు రెండు తీశారు, ఊపిరి లోపలికి తీసినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి. మెడలోని గొట్టం లోపలికి పీల్చేటప్పుడు, ఛాతీలోని గొట్టం బయటికి వదిలేటప్పుడు నొక్కుకుంటుందని, ఒక్క ఫోటోలో దొరక్కపోవచ్చని చెప్పారు. మొదటిదానిలో దొరికింది. మెడ ఛాతీలోకి దిగే చోట నల్లటి గొట్టం సన్నటి దారంలా అయిపోయింది. సగానికి పైగా మూసుకుంటోందన్నారు.

ఎకోలో కవాటం కొద్దిగా లీకవుతోంది. గుండె గదులు మాత్రం ఉబ్బలేదు. దీన్ని బీ1 దశ అంటారట. గుండెకు మందు అక్కరలేదు, ఏడాదికోసారి ఎకో, ఇంట్లో ఊపిరి లెక్క. గుండెపురుగు పరీక్ష కూడా చేయించాము, లేదు. దోమతెర గారూ, నివారణ మాత్ర మొదలుపెట్టాము.

దగ్గుకు కొన్నాళ్లు దగ్గు తగ్గించే మందు. మెడ బెల్టు తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్. అన్నిటికంటే ముందు బరువు తగ్గించమన్నారు. అది విన్నప్పుడు మా నాన్నగారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు.

---

ఉడతాభక్తి | గురువారం, రాత్రి 10:05

హమ్మయ్య. నేను ఓడిపోయినందుకు ఇంత సంతోషించడం ఇదే మొదటిసారి. ఒకటే సందేహం. టామీకి ఇచ్చిన పిమోబెండన్ అనే గుండె మందు ఇప్పుడే మొదలుపెడితే మంచిది కాదా? ముందే వేస్తే గుండె చెడిపోవడం ఆలస్యమవుతుందని చదివాను.

---

స్టెతస్కోపు | గురువారం, రాత్రి 10:40

మీరు చదివింది 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం గురించి అయి ఉంటుంది. 360 కుక్కల మీద జరిగింది. పిమోబెండన్ తీసుకున్నవాటిలో గుండె వైఫల్యమో, గుండె జబ్బుతో మరణమో సంభవించే దాకా గడిచిన మధ్యస్థ కాలం 1228 రోజులు, తీసుకోనివాటిలో 766. దాదాపు పదిహేను నెలల తేడా, చిన్న విషయం కాదు. కానీ ఆ కుక్కలన్నింటికీ గుండె అప్పటికే ఉబ్బింది, అంటే బీ2 దశ. గుండె ఉబ్బని కుక్కకు ఆ ఫలితాన్ని అంటగట్టలేము. చిట్టి గుండె ఎప్పుడైనా బీ2కి చేరితే ఆరోజు మొదలుపెడతారు, అందుకే ఏటా ఎకో.

దగ్గు అణచే మందు గురించి ఇతర చదువరులకు ఒక మాట. చిట్టికి ఇచ్చారంటే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చూసి ఇచ్చారు. న్యుమోనియా ఉన్న కుక్కకు అదే ఇస్తే బయటికి రావాల్సిన కఫం లోపలే ఉండిపోతుంది.

---

తడిసినచెప్పు | శుక్రవారం, ఉదయం 11:15

నా చర్చ విడిగా ఉన్నా ఇక్కడివారికీ చెప్పాలనిపించింది. న్యుమోనియానే. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు, యాంటీబయాటిక్ నడుస్తోంది. ఈ ఉదయం తిన్నాడు. నర్సు చెప్పు కొరికాడట.

---

గోడమీదపిల్లి | శుక్రవారం, ఉదయం 11:20

మీ పేరు ఎందుకలా పెట్టుకున్నారో ఇప్పుడు అర్థమైంది.

---

చివరిబెంచి | ఆదివారం, ఉదయం 10:30

ఆలస్యంగా చూశాను. మా పన్నెండేళ్ల లాబ్రడార్ ఈమధ్య తిన్నాక, తాగాక దగ్గుతున్నాడు. మొరుగు బొంగురుపోయింది. నడిచి వస్తే ఊపిరి లోపలికి తీసేటప్పుడు రంపం కోసినట్టు చప్పుడు. వాడికీ గాలిగొట్టమేనా?

---

స్టెతస్కోపు | ఆదివారం, మధ్యాహ్నం 12:02

ముసలి లాబ్రడార్, మారిన గొంతు, లోపలికి తీసేటప్పుడు చప్పుడు అంటే స్వరపేటిక పక్షవాతం చూడాలి. ఊపిరి తీసేటప్పుడు తెరుచుకోవాల్సిన తలుపులు తెరుచుకోవు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదమూ ఉంది. ఎండలో, ఉక్కలో నడిపించకండి, ఒళ్లు వేడెక్కితే ఊపిరి అందదు. త్వరగా చూపించండి. వివరాలకు విడి చర్చ తెరవండి, నిర్వాహకుడు గారు నా మీద కోప్పడేలోగా.

---

కిటికీపక్కసీటు | రెండు నెలల తర్వాత

చాలామంది విడిగా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

చిట్టి బరువు ఇప్పుడు ఐదు కిలోల నాలుగు వందలు. బరువు తగ్గడం దాని పట్టుదల వల్ల కాదు, నాన్నగారి పట్టుదల వల్ల. బల్ల కింద నుంచి ఎవరు ఏం పెడుతున్నారో పుస్తకంలో రాయడం మొదలుపెట్టాము. మొదటి వారం లెక్క చూసి ఆయనే ‘ఇంత నేనే పెట్టానా’ అని తెల్లబోయారు. ఇప్పుడు ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. ఎవరినీ దగ్గరికి రానివ్వరు.

దగ్గు పోలేదు. పోదని ముందే చెప్పారు. మెత్తబడిన కడ్డీలు మళ్లీ గట్టిపడవట. రోజుకు పదిహేను నుంచి రెండు మూడుకు దిగింది. మందు వారం క్రితం ఆపేశాము. నిద్రలో ఊపిరి 20, 22 మధ్యే ఉంటోంది. ఆదివారం రాత్రి లెక్కపెట్టి గోడ మీద క్యాలెండర్‌లో రాస్తున్నాను. గదిలో సెంటు కొట్టడం మానేశాము. హార్నెస్ కట్టిన మొదటి మూడు రోజులు బొమ్మలా బిగుసుకుపోయి నిలబడింది, తర్వాత అలవాటు పడింది.

ఇంకోటి. కాలింగ్ బెల్ తీసేశాము.

---

గోడమీదపిల్లి | అదే రోజు, సాయంత్రం 6:12

మరి ఎవరైనా వస్తే మీకెలా తెలుస్తుంది?

---

కిటికీపక్కసీటు | అదే రోజు, సాయంత్రం 6:20

తలుపు తడతారు. అప్పుడూ దగ్గుతుంది, కానీ ఒకటి రెండుసార్లే. బెల్‌కైతే ఆరు.